వణికే వెలుగుకు ఇంగ్లిషులో ఇన్ని మాటలా? ఫ్లికర్, గట్టర్, గ్లిమ్మర్, షిమ్మర్... తెలుగులో ఏమనాలి

#1 పిట్టగోడ (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను, అదీ అవసరం పడి.

ఒక ఇంగ్లిషు కథను తెలుగు చేస్తున్నాను. కథంతా ఒక్క రాత్రి. పాత ఇల్లు, కరెంటు లేదు. బల్ల మీద కొవ్వొత్తి, కిటికీ బయట చెరువు, చెరువుకు అవతల ఎవరిదో దీపం. ఒక్క పేజీలో వెలుగు కదలడానికి ఆరు మాటలు వాడాడు: ఫ్లికర్, గట్టర్, గ్లిమ్మర్, షిమ్మర్, గ్లింట్, ట్వింకిల్. నేనేమో నాలుగు చోట్ల "మిణుకుమిణుకు", రెండు చోట్ల "తళతళ" వేసి పంపేశాను. పత్రిక వాళ్లు "ఈ పేజీ నిండా మిణుగురు పురుగులు ముసిరాయి, ఒకసారి చూసుకోండి" అని వెనక్కి పంపారు. సిగ్గేసింది కానీ నిజమే.

నిఘంటువు తీస్తే ఆరింటికీ "మెరియు, ప్రకాశించు, మిణుకుమను". అవే మూడు ముక్కలు, వరస మార్చి. అర్థాలు నాకూ తెలుసు, నాకు కావాల్సింది తేడా. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 డల్లాస్ బాబాయ్ (రాత్రి 10:05)

పాతికేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను కాబట్టి నాకు తెలుసనుకుని మొదలుపెట్టాను, ఇప్పుడు అనుమానం వస్తోంది. గాలివాన వస్తే ఇక్కడ అందరూ లైట్లు ఫ్లికర్ అవుతున్నాయనే అంటారు. కొవ్వొత్తికీ అదే, పాత టీవీకీ అదే. గట్టర్ అంటే మాత్రం నాకు తెలిసింది ఒకటే, ఇంటి చూరుకు బిగించే వాన నీళ్ల తొట్టి. ఏటా ఆకులు రాలాక నిచ్చెనేసుకుని ఎక్కి శుభ్రం చేయాలి. కొవ్వొత్తికి తొట్టి ఎందుకమ్మా?

#3 నిఘంటువు పురుగు (రాత్రి 10:31)

బాబాయ్ గారూ, జవాబు మీ నిచ్చెన మీదే ఉంది.

లాటిన్‌లో గుత్తా అంటే చుక్క. దాని నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట గట్టర్, నీళ్లు కారిపోయే కాలువ. ఇప్పుడు కొవ్వొత్తిని చూడండి. సరిగ్గా మండుతున్నప్పుడు వత్తి చుట్టూ చిన్న గుంట ఉంటుంది, అందులో కరిగిన మైనం నిలుస్తుంది. గాలి ఒక పక్క నుంచే కొట్టినా, కొవ్వొత్తి వంకరగా నిలబెట్టినా ఆ గుంట గట్టు ఒకచోట తెగుతుంది. మైనం కాలువ కట్టి పక్కనుంచి కారిపోతుంది. మంటకు తిండి తగ్గి కుంగుతుంది, ఉన్నట్టుండి లేస్తుంది, పొగ చిమ్ముతుంది. ఆ అవస్థకే గట్టర్ అని పేరు.

అంటే అది మెరుపు మాట కాదు, ఆరిపోవడానికి ముందు పడే యాతన. మీ కథలో దాన్ని "మిణుకుమిణుకు" అన్నారంటే పత్రిక వాళ్లు వెనక్కి పంపడంలో తప్పు లేదు :)

#4 కందీలు (రాత్రి 10:44)

దీనికి ఇంత లాటిన్ ఎందుకన్నా? దీపం కొడిగట్టింది అంటే అయిపోతుంది కదా.

#5 పిట్టగోడ (రాత్రి 10:50)

అవును! నాకెందుకు తట్టలేదో. "కొడిగట్టిన ఆశలు", "కొడిగట్టిన ప్రాణం" అని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. కానీ ఒప్పుకోవాలి, కొడి అంటే ఏమిటో నేనెప్పుడూ చూడలేదు.

#6 సంధ్యాదీపం (శనివారం, ఉదయం 6:15)

మా తరం వాళ్లకు కొడి చూపించి చెప్పాల్సిన పని లేదమ్మా, వేళ్లకు అంటిన మసి చాలు. ప్రమిదలో వత్తి కాలేకొద్దీ కొసన నల్లగా గట్టిపడి చిన్న మొగ్గలా తయారవుతుంది. అదే కొడి. అది ముదిరితే నూనె కొసదాకా ఎక్కదు. దీపం చిన్నబోతుంది, పొగ ఎక్కువవుతుంది. మా అమ్మమ్మ పుల్ల పెట్టి కొడి దులిపి, వత్తి కొంచెం ఎగదోసేది. అంతే, మళ్లీ నిండుగా వెలిగేది. మా ఇంట్లో ఆ పుల్ల ఎప్పుడూ ప్రమిద పక్కనే ఉండేది, దానికి వేరే పని ఉండేది కాదు.

ఇంకో సంగతి. ఇక్కడ దీపం "ఆరిపోవడం" అని రాశారు. మా ఇళ్లల్లో ఆ మాట అనరు. కొండెక్కింది అంటారు.

#7 నిఘంటువు పురుగు (ఉదయం 8:02)

అమ్మా, మీరు చెప్పిన కొడికి ఇంగ్లిషులో పేరుంది. స్నఫ్! ముక్కుపొడుము కాదు. దానికీ దీనికీ అక్షరాలే ఒకటి. వత్తి కొసన కాలి మిగిలిన నల్ల ముక్క పేరే స్నఫ్. దాన్ని కత్తిరించడానికి చిన్న కత్తెర, కత్తిరించిన ముక్క కింద పడకుండా దానికి ఒక డబ్బీ. పాతకాలపు ఇంగ్లిషు ఇళ్లల్లో మీ అమ్మమ్మగారి పుల్లకు వరసైన వస్తువు అది. మొదట్లో "స్నఫ్ చేయడం" అంటే కొడి తీసి దీపాన్ని నిలబెట్టడం. ఇప్పుడు "స్నఫ్ అవుట్" అంటే ఆర్పేయడం. మాట ఎలా తిరగబడిందో చూడండి.

1820లలో ఫ్రాన్సులో జడలా అల్లిన వత్తి వచ్చింది. అది కాలుతూ పక్కకు వంగి, దాని కొస మంటలోనే బూడిదైపోతుంది. కత్తెర పని పోయింది. మనం కొనే కొవ్వొత్తుల్లో ఉండేది ఆ వత్తే. పిట్టగోడ గారు కొడి చూడకపోవడానికి అదీ ఒక కారణం.

కాబట్టి కందీలు గారూ, నిక్కచ్చిగా చూస్తే గట్టర్ వేరు, కొడిగట్టడం వేరు. ఒకదాంట్లో మైనం కారిపోయి తిండి చాలదు, రెండోదాంట్లో తిండి ఉన్నా గొంతు పూడుకుపోతుంది.

#8 కందీలు (ఉదయం 8:20)

చదివేవాళ్లకు మైనం లెక్క ఎందుకన్నా. దీపం ఇంకాసేపట్లో పోతుంది అని గుండెలో తెలియాలి. కొడిగట్టింది అంటే తెలుస్తుంది. మైనం కాలువ కట్టింది అంటే మునిసిపాలిటీ వార్తలా ఉంటుంది.

#9 వోల్టు (ఉదయం 9:10)

ఫ్లికర్ గురించి నేను చెప్తాను. ముప్ఫై ఏళ్లు కరెంటు పనిలో ఉన్నాను, మాకది మాట కాదు, కొలత.

ఇంట్లో బోరు మోటారు వేయగానే బల్బు ఒక్కసారి చిన్నబోయి తేరుకుందనుకోండి, దాన్ని డిప్ అంటాం. అదే పక్కన వెల్డింగ్ షాపు ఉండి, రాడ్డు తగిలినప్పుడల్లా మీ బల్బు వణికితే అది ఫ్లికర్. ఒక్కసారి తగ్గితే ఎవరూ పట్టించుకోరు. ఆగకుండా వణికితే మాత్రం పది నిమిషాల్లో తలనొప్పి, ఆ తర్వాత ఆఫీసుకు ఫోను. దీన్ని కొలిచే ఫ్లికర్ మీటర్ ఉంది. తమాషా ఏమిటంటే అది వోల్టేజీని కొలిచి ఊరుకోదు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఎలా వణుకుతుందో, దాన్ని చూసి మనిషి కన్ను, మెదడు ఎంత చికాకు పడతాయో లెక్కగట్టి ఒక అంకె ఇస్తుంది. అంకె ఒకటి దాటితే జనం ఓర్చుకోలేరని లెక్క. సెకనుకు దాదాపు 8.8 సార్లు వణికే వెలుగు మనిషిని అన్నిటికన్నా ఎక్కువ విసిగిస్తుంది.

ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు, ఒక్కో చుట్టులో వెలుగు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అందుకని పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతూనే ఉంటుంది. కంటికి కనిపించదు, ఫోను కెమెరాకు చారలుగా దొరికిపోతుంది. అదీ ఫ్లికరే. కనిపించకపోయినా పేరు మారదు.

#10 కొత్త కాపురం (ఉదయం 9:31)

సార్, దీని మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. మా హాల్లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపేసినా రాత్రంతా సన్నగా మిణుకు మిణుకుమంటోంది. మా అత్తగారు భయపడుతున్నారు.

#11 వోల్టు (ఉదయం 9:36)

స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ లైటు ఉందా? ఉంటే దాని గుండా సన్నగా కరెంటు బల్బుదాకా వెళ్తుంది. బల్బు లోపలి కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, నిండినప్పుడల్లా ఒక్కసారి వెలిగి ఖాళీ అవుతుంది. ఇండికేటర్ లేని స్విచ్ వేయించండి. అప్పటికీ ఆగకపోతే స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌లో కలిపారేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, అది మాత్రం అశ్రద్ధ చేయొద్దు. అత్తగారికి దెయ్యం కాదని చెప్పండి.

#12 మోడరేటర్ (ఉదయం 10:00)

బల్బుల కష్టాలకు "ఇల్లు - వాకిలి" విభాగం ఉంది. ఇక్కడ మాటల సంగతే. (మా ఇంట్లోనూ అదే బాధ, అక్కడ చర్చ మొదలుపెడితే నేనూ వస్తాను.)

#13 నిఘంటువు పురుగు (ఉదయం 10:48)

వోల్టు గారు ఫ్లికర్‌ను కొలిచారు, నేను పుట్టుపూర్వోత్తరాలు చెప్తాను. పాత ఇంగ్లిషులో ఈ మాటకు దీపంతో పనే లేదు. పక్షి రెక్కలు కొట్టుకోవడం, ఉన్నచోటే అల్లాడటం, అదీ మొదటి అర్థం. మంటకు ఆ మాట వాడటం తర్వాత వచ్చింది.

ఇప్పుడు తెలుగులో దీపం ఏమవుతుంది? రెపరెపలాడుతుంది. పిట్ట రెక్కలు రెపరెపలాడతాయి, జెండా రెపరెపలాడుతుంది, కంటిరెప్పలూ అంతే. ఎక్కడో చలిదేశంలో ఒకడు, ఇక్కడ గోదారి పక్కన ఒకడు, గాలికి ఊగే మంటను చూసి ఇద్దరికీ రెక్కే గుర్తొచ్చింది. నాకు ఇది తెలిసిన రోజు పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పాను. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు.

కాబట్టి పిట్టగోడ గారూ, ఫ్లికర్‌కు మిణుకుమిణుకు వద్దు. రెపరెప వేయండి.

#14 డల్లాస్ బాబాయ్ (ఉదయం 11:15)

చలికాలంలో మా పెరట్లోకి ఒక రకం వడ్రంగి పిట్ట వస్తుంది, దాని పేరే ఫ్లికర్. ఈసారి వస్తే రెపరెపా అని పిలుస్తాను.

సినిమాను ఫ్లిక్ అంటారు కదా, అదీ ఇదేనా?

#15 నిఘంటువు పురుగు (ఉదయం 11:22)

అదే. మూకీల రోజుల్లో తెర మీద బొమ్మ వణికేది, అందుకే జనం సినిమాలను ఫ్లిక్స్ అన్నారు. మీ ఇంట్లో నెలనెలా డబ్బు కట్టే ఆ నెట్‌ఫ్లిక్స్ పేరులో ఉన్నదీ అదే ముక్క. తర్వాత సెకనుకు 24 బొమ్మలు ఖాయమయ్యాక కూడా వణుకు కనిపిస్తుందని, ప్రొజెక్టర్ ముందు తిరిగే రెక్కతో ఒక్కో బొమ్మను రెండుసార్లు వెలిగించేవారు. సెకనుకు 48 వెలుగులన్నమాట. వణుకు పోయింది, పేరు మాత్రం మిగిలింది.

#16 పాలపుంత (మధ్యాహ్నం 2:05)

ట్వింకిల్ నాకు వదిలేయండి. దుర్భిణి పట్టుకుని మేడ మీద తిరిగేవాణ్ణి.

చుక్క మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు అని చిన్నప్పుడు చదివే ఉంటారు. చుక్కలో ఏ వణుకూ లేదు. అది చాలా దూరంలో ఉండటం వల్ల మనకు ఒక బిందువు. ఆ సన్నటి కిరణం మన గాలి పొరల్లో వేడి చల్లని బుడగల గుండా వస్తూ అటూ ఇటూ వంగుతుంది. వంగినప్పుడల్లా కాస్త ఎక్కువ, కాస్త తక్కువ. గ్రహం బిందువు కాదు, చిన్న బిళ్ల. ఒక మూల తగ్గితే ఇంకో మూల పెరిగి సరిపోతుంది. చలికాలం సాయంత్రం సిరియస్ అనే చుక్క దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు చూడండి, ఎరుపు, నీలం, పచ్చ కూడా చిమ్ముతుంది. గాలి దాటి పైకెళ్తే ఈ మిణుకు ఉండదు. 1990లో హబుల్ టెలిస్కోపును పైకి పంపడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఈ గాలి గొడవ ఒకటి.

నేననేది ఏమిటంటే, ఈ మాటలన్నిటికీ ఒకే ప్రశ్న వేసుకోండి: కదిలేది ఏది? మంటే కదిలితే ఫ్లికర్. మంట నిలకడగా ఉండి మధ్యలో గాలి కదిలితే ట్వింకిల్. వెలుగు పడే నీళ్లో బట్టో కదిలితే షిమ్మర్. వస్తువు ఒక్కసారి తిరిగి వెలుగును కంట్లో కొట్టిపోతే గ్లింట్.

#17 పిట్టగోడ (మధ్యాహ్నం 2:20)

పాలపుంత గారూ, రెండు రోజులుగా నా బుర్రలో ముడిపడ్డది విప్పేశారు. మరి గ్లిమ్మర్?

#18 నిఘంటువు పురుగు (మధ్యాహ్నం 3:40)

అక్కడే ఆ లెక్క తప్పుతుంది. చక్కటి ప్రశ్నే, నేనూ వాడుకుంటాను, కానీ ఇంగ్లిషు వాళ్లు కదిలేదేదో చూసి మాట ఎంచుకోరు. ఎండలో తారు రోడ్డు మీద గాలి ఊగడాన్ని కూడా వాళ్లు షిమ్మర్ అనే అంటారు. అక్కడ కదిలేది నేల కాదు, గాలి. గ్లిమ్మర్‌లో కదలికకన్నా ముఖ్యం వెలుగు చాలకపోవడం. ఉందో లేదో అన్నట్టు ఉండాలి. అందుకే ఆశకు గ్లిమ్మర్ అంటారు.

ట్వింకిల్‌కు మూలం కళ్లు ఆర్పడం, మనం "కనుగీటడం" అనేదానికి దగ్గరి మాట. అంటే ఫ్లికర్ రెక్క, ట్వింకిల్ రెప్ప. తెలుగులో రెండూ కలిపి రెపరెప :)

ఇంకో గమ్మత్తు. గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిటర్, గ్లిసన్, గ్లిమ్మర్, గ్లేర్, గ్లాస్, గ్లాన్స్, అన్నీ గ్ల తోనే. ఇలా ఒక ధ్వని ఒక భావానికి అంటిపెట్టుకుని ఉండటానికి ఫర్త్ అనే భాషావేత్త 1930లో ఫోనెస్థీమ్ అని పేరు పెట్టాడు. మనకు మి, మె ఉన్నాయి: మిణుకు, మిలమిల, మిసమిస, మిరుమిట్లు, మెరుపు, మిణుగురు. (ఇక్కడ ఎవరో మిరపకాయ అనబోతారు, వద్దు. గ్ల తో గ్లవ్, గ్లూ కూడా ఉన్నాయి.)

అలాగే ఫ్లికర్, గ్లిమ్మర్, షిమ్మర్, గ్లిటర్ చివర ఉన్న అర్, ట్వింకిల్, స్పార్కిల్ చివర ఉన్న ఇల్, రెండూ "మళ్లీ మళ్లీ" అని చెప్పే తోకలు. స్పార్క్ ఒక రవ్వ, స్పార్కిల్ ఆగని రవ్వలు. మనం తోక తగిలించం, మాటనే రెండుసార్లు అంటాం. ఒక్కసారి అయితే "క్కు" వేస్తాం. తళుక్కుమంది అంటే ఒక్కసారి. తళతళలాడింది అంటే ఆగకుండా. గ్లింట్‌కు తళుక్కు, గ్లిటర్‌కు తళతళ.

#19 కందీలు (సాయంత్రం 4:15)

తళతళ మీద నాకు పేచీ ఉంది. మా అమ్మ చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె తళతళ మెరిసేది. బిందె వణకదు కదన్నా. మీరు ఇందాక చెప్పిన గ్లీమ్ అదే కావాలి.

#20 నిఘంటువు పురుగు (సాయంత్రం 4:31)

ఒప్పుకుంటున్నాను. తళతళలో వణుకు తప్పనిసరి కాదు. నగలకు ధగధగ, నూనె రాసిన జడకు నిగనిగ, తోమిన బిందెకు తళతళ. వీటిలో నిగనిగ అయితే అసలు కదలదు. మన జంట మాటలు వెలుగు వణికిందా అని అడగవు, ఏ వస్తువు మీద ఉంది, ఎంత జోరుగా ఉంది అని అడుగుతాయి. అందుకే ఒక్కో ఇంగ్లిషు మాటకు ఒక్కో తెలుగు మాట అతికించే పట్టిక ఎప్పటికీ కుదరదు. ఇత్తడి బిందె నన్ను ఓడించింది.

గ్లిసన్ ఒకటి తేలిక. తడిసినది, లేదా నూనె అంటినది. వానకు తడిసిన ఆకు, చెమట పట్టిన నుదురు. ఇంగ్లిషు స్పెల్లింగులో ఉన్న టి పలకకండి.

#21 కాటుక (సాయంత్రం 5:02)

షిమ్మర్ గురించి మేకప్ వాళ్లను అడగరేం? మాకు ఈ తేడా రోజూ పని. షిమ్మర్ అంటే మెత్తటి పొడి, దేనికది విడిగా కనిపించదు, చెంప తిప్పినప్పుడు ఒక మెరుపు అలలా జారుతుంది. గ్లిటర్ అంటే పలుకులు, ఒక్కోటీ విడిగా మెరుస్తుంది. పగటి పెళ్లికి షిమ్మర్, సంగీత్‌కు గ్లిటర్. తారుమారైతే పెళ్లికూతురి అమ్మ ఊరుకోదు. షిమ్మర్ పొడిలో సాధారణంగా ఉండేది అభ్రకం. గూడూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, గనుల చుట్టూ నేలంతా అదే మెరుపు.

#22 సంధ్యాదీపం (సాయంత్రం 6:40)

కాటుక చెప్పింది నాకు చీర మీద అర్థమైంది. నెమలికంఠం రంగు పట్టుచీర ఉంటుంది చూడండి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మనిషి కదిలితే నీలం పోయి పచ్చ, పచ్చ పోయి నీలం. చీర మెరుస్తోంది అని చెప్పలేం, రంగు జారుతోంది అనాలి. చెరువు మీద వెన్నెల కూడా అంతే కదా. తళతళ అంటే గట్టిదైపోతుంది. "వెన్నెల నీళ్ల మీద జారాడుతోంది" అంటే ఎలా ఉంటుంది?

#23 పిట్టగోడ (సాయంత్రం 6:52)

అమ్మా, ఆ మాట నేను దొంగిలిస్తున్నాను.

#24 సాగరతీరం (రాత్రి 8:18)

మీరంతా అందం గురించి మాట్లాడుతున్నారు. ఈ తేడా తెలియకపోతే ఓడ రాళ్లకు కొట్టుకునే చోట నేను పని చేస్తాను.

ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన తాళం ఉంటుంది, చార్టు (సముద్రపు పటం) మీద రాసి ఉంటుంది. ఫ్లాషింగ్ అంటే చీకటి ఎక్కువ, వెలుగు తక్కువ. చీకట్లో మెరుపులు. అకల్టింగ్ అంటే దానికి తలకిందులు: వెలుగు ఎక్కువ, మధ్యమధ్యలో చీకటి రెప్ప వేసినట్టు. రెండూ సమానమైతే ఐసోఫేజ్. ఎన్ని మెరుపులు, ఎన్ని సెకన్లకోసారి అన్నది లెక్కపెట్టి, చార్టులో చూసి ఇది ఫలానా దీపం అని పోలుస్తాం. మా ఊరు విశాఖ. చిన్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీద లైటు చూసి అది ఊరికే తిరుగుతోందనుకునేవాణ్ణి. ఓడెక్కాక తెలిసింది, అది ఊరికే తిరగడం లేదు, తన పేరు చెప్పుకుంటోందని.

అకల్టింగ్‌కు తెలుగు మాట ఎవరైనా చెప్పండి, నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

#25 కందీలు (రాత్రి 8:40)

రెప్పపాటు దీపం.

#26 సాగరతీరం (రాత్రి 8:41)

అబ్బ. రేపటి నుంచి అదే.

#27 జాబిల్లి (రాత్రి 9:15)

మొత్తం చదివాను. మరి ఆశ సంగతి? వార్తల్లో "ఫ్లికర్ ఆఫ్ హోప్" వస్తే మా డెస్కులో "దింపుడు కళ్లం ఆశ" అని రాస్తున్నారు. కరెక్టేనా?

#28 సంధ్యాదీపం (రాత్రి 9:28)

అయ్యో, వద్దమ్మా. పాడెను దారిలో దింపి, చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, ఏమో లేస్తాడేమోనని. అదీ దింపుడు కళ్లం. ప్రాణం పోయాక పెట్టుకునే ఆశ. బతికి ఉన్నవాడి గురించి రాసే వార్తలో ఆ మాట పడితే ఇంట్లోవాళ్లు చదివి ఏమవుతారు?

#29 నిఘంటువు పురుగు (రాత్రి 9:45)

అమ్మ చెప్పిందే. గ్లిమ్మర్ అయితే "ఆశ మిణుకుమంటోంది" చాలు. ఇంకా ఉంది, సన్నగా ఉంది. ఫ్లికర్‌లో ఒక క్షణం కదిలిందన్న భావం ఉంటుంది, "ఆశ రెపరెపలాడింది" అనండి. గట్టర్ అయితే కొడిగట్టింది. ఎక్కడికక్కడ మాటలున్నాయి.

పనిలో పనిగా నాకిష్టమైన మాట ఒకటి చెప్పి వెళ్తాను. లాంబెంట్. లాటిన్‌లో నాకడం అనే క్రియ నుంచి వచ్చింది. కాల్చకుండా, ఊరికే ఒక వస్తువు మీద నాలుకలా ఆడే మెత్తటి మంట. మనవాళ్లు అగ్నికి ఏడు నాలుకలు పెట్టి సప్తజిహ్వుడు అన్నారు కదా, ఆ ఏడింటిలో కరవని నాలుక ఏదైనా ఉంటే అది లాంబెంట్.

#30 పిట్టగోడ (ఆదివారం, సాయంత్రం 4:30)

కూర్చుని పేజీ మళ్లీ రాశాను. ఎక్కడెక్కడ ఏం వేశానో చెప్తాను, తిట్టండి.

మొదట్లో తలుపు తీయగానే కొవ్వొత్తి ఫ్లికర్ అవుతుంది: "మంట ఒకసారి రెపరెపలాడి నిలదొక్కుకుంది." చెరువు మీద షిమ్మర్: "వెన్నెల నీళ్ల మీద జారాడుతోంది." ముసలాయన కళ్లద్దాలు గ్లింట్: "కళ్లద్దాలు తళుక్కుమన్నాయి, ఆ వెనక కళ్లు కనిపించలేదు." రెండో సగం నేను కలిపింది కాదు, మూలంలోనే ఉంది. అక్కడ గ్లింట్ ఎందుకు వేశాడో పాలపుంత గారి ప్రశ్న వేసుకున్నాకే తెలిసింది. ముసలాయన అప్పుడే తల తిప్పాడు. తర్వాత అదే మనిషి నవ్వినప్పుడు కళ్లు ట్వింకిల్. చుక్కలు కాదు కాబట్టి మిణుకు మానేసి "కళ్లల్లో కొంటెతనం కదిలింది" అన్నాను. అవతలి ఒడ్డు దీపం గ్లిమ్మర్: మొత్తం పేజీలో ఒకే ఒక్క "మిణుకుమిణుకు" అక్కడ మిగిలింది. ఒంటరిగా ఉంది కాబట్టి బాగుంది.

ఆఖర్న గట్టర్. కందీలు గారి మాటా, పురుగు గారి మైనమూ రెండూ పెట్టాను: "మైనం ఒక పక్కకు కారిపోయి కొవ్వొత్తి కొడిగట్టింది. కాసేపటికి ఆరిపోయింది."

#31 కందీలు (సాయంత్రం 4:44)

మైనం పెట్టావు కదక్కా. సరే, మునిసిపాలిటీ వార్తలా లేదు. బాగుంది.

#32 సంధ్యాదీపం (సాయంత్రం 5:10)

అంతా బాగుంది, ఆ ఆఖరి మాట తప్ప. కొండెక్కింది అని మార్చండి.

#33 పిట్టగోడ (సాయంత్రం 5:26)

అమ్మా, దాని గురించి గంట ఆలోచించాను. కొండెక్కింది అంటే మనకు దేవుడి గది, ప్రమిద, నూనె వాసన వచ్చేస్తాయి. ఆ ఇల్లు వాళ్లది, ఆ కొవ్వొత్తికి ఎవరూ దణ్ణం పెట్టలేదు. పైగా కథలో అది ఆరిపోయినందుకు ఎవరూ బాధపడరు. అదే కథ.

#34 డల్లాస్ బాబాయ్ (సాయంత్రం 5:40)

నేను పిట్టగోడ పార్టీ. ఇక్కడ కొవ్వొత్తులను పుట్టినరోజుకు ఊది ఆర్పేస్తారు, కొండలూ లేవు, మా డల్లాస్ అంతా చదునే.

#35 సంధ్యాదీపం (సాయంత్రం 6:05)

సరేనమ్మా, కథ మీది, మీ ఇష్టం. మా ఇంట్లో మాత్రం కరెంటు పోయినప్పుడు వెలిగించిన కొవ్వొత్తి కూడా కొండెక్కుతుంది.